పంతొమ్మిదో నంబరు బ్రష్షు

కాగితాల మీద ఆవిడ ఉద్యోగం పేరు ఆరోగ్య సహాయకురాలు. ఆ పేరుతో ఆవిణ్ణి పిలిచినవాళ్ళు మాత్రం ఇంకా పుట్టలేదు. బడిలో పిల్లలకి ఆవిడ పళ్ళక్క. పిల్లల్ని చూసి టీచర్లూ, టీచర్లను చూసి గేటు దగ్గర కాపలా మనిషీ అదే పిలుపు పట్టారు. చివరికి ఇంట్లో అత్తగారు కూడా పక్కింటివాళ్ళతో, “మా పళ్ళక్క ఇంకా రాలేదు” అనేది. ఆ అత్తగారి నోట్లో ఒక్క పన్ను లేదు. కట్టుడు పళ్ళు తీసి గ్లాసులో వేసుకుని, “ఊళ్ళో అందరి పళ్ళూ తోముతుంది, నావి మాత్రం నీళ్ళలో నానుతున్నాయి” అని ఎవరొచ్చినా చెప్పి నవ్వించేది.

ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఆవిడకు మొహాలు గుర్తుండవు, నోళ్ళు గుర్తుంటాయి. బస్సులో మీసాలొచ్చిన కుర్రాడెవడో పలకరిస్తే బిక్కమొహం వేసేది. వాడు నవ్వాక, పన్ను మీద పన్ను ఎక్కిన సంగతి చూసి, “ఓరి నువ్వట్రా” అనేది.

బడి వెనక వరండా చివర ఆవిడ గది. ఒక బల్ల, బరువు తూచే మిషను, దూది, థర్మామీటరు, గోళ్ళు తీసే కత్తెర. కిటికీ పక్క అరలో ప్లాస్టర్‌తో చేసిన పెద్ద దవడ, దాన్ని తోమి చూపించడానికి మూరెడు పొడుగు బ్రష్షు. గది బయట రేకు తొట్టి, దాని మీద ఎనిమిది కుళాయిలు. ఏటా మూడో తరగతి పిల్లల్ని ఆవిడ తన చేతిలోకి తీసుకునేది. పాలపళ్ళు పోయి అసలు పళ్ళు వచ్చే వయసు అది, అప్పుడు పట్టుకుంటేనే అలవాటు నిలుస్తుందని ఆవిడ నమ్మకం. నమ్మకంలో తప్పు లేదు.

భోజనాలయ్యాక ఎనిమిదేసి మంది వరసగా కుళాయిల దగ్గర నిలబడాలి. ఆవిడ ఇసుక గడియారం తిప్పి పెట్టేది. ఇసుక మొత్తం దిగడానికి రెండు నిమిషాలు. బయటి వైపు, లోపలి వైపు, నమిలే వైపు, చివర నాలుక. అయ్యాక ఎవరి బ్రష్షు వాళ్ళు కడుక్కుని, గదిలో చెక్క పలక మీద తమ నంబరు మేకుకు తగిలించి క్లాసుకు పోవాలి. పిల్లలు వెళ్ళాక పళ్ళక్క బొటనవేలితో ఒక్కో బ్రష్షు కుచ్చూ తడిమి చూసేది. ఒక్కటి పొడిగా తగిలినా ఆ వరస మొత్తానికి ఎర్ర చుక్క. ఐదు చుక్కలైతే ఆ వారం ఆటల పీరియడ్ లేదు. బడికి రాని పిల్లల బ్రష్షులు మాత్రం పొద్దున్నే ఆవిడే పలక మీంచి తీసి డబ్బాలో పెట్టేది. పలక మీద బ్రష్షు ఉందంటే ఆ పిల్ల బడికి వచ్చినట్టే లెక్క. ఈ పద్ధతి పెట్టాక పిల్లలే పిల్లల్ని కాపలా కాస్తున్నారని, తనకు శ్రమ తప్పిందని ఆవిడ గొప్పగా చెప్పుకునేది.

ఆ ఏడాది మూడో తరగతిలో ముప్ఫై రెండు మంది. పంతొమ్మిదో నంబరు, బడి గేటుకు ఎదురుగా కొట్టు పెట్టుకున్న వడ్రంగి కూతురిది. బ్రష్షుల పలక చేసిపెట్టింది కూడా ఆయనే. ఆ పిల్ల మాట వినాలంటే చెవి దాని పెదాల దగ్గర పెట్టాలి. అంత మెత్తగా మాట్లాడేది కాబట్టి అందరూ గువ్వ అనేవాళ్ళు.

పండగ సెలవులకు ముందు ఒక బుధవారం గువ్వ ఎడమ చెంప అరచేత్తో పట్టుకుని గది తలుపు దగ్గర నిలబడింది. మర్నాడు పైనుంచి అధికారులు వస్తున్నారు, పళ్ళ క్లాసు చూడడానికి. పళ్ళక్కకు ఊపిరి తీసుకునే తీరిక లేదు. నొప్పి అంది పిల్ల. రంగు బిళ్ళ ఇచ్చి నమలమంది ఆవిడ. అది నమిలి పుక్కిలిస్తే తోమని చోట ఎర్రగా మిగిలిపోతుంది. గువ్వ నోట్లో ఎడమ కింది వైపంతా ఎర్రగా మిగిలింది. దవడ కింద కొంచెం ఉబ్బు కూడా ఉంది. ఇంకేం కావాలి? పిల్లను వరసల ముందు నిలబెట్టి, నోరు తెరిపించి, తోమకపోతే ఏమవుతుందో చూడండర్రా అంది. పిల్లలు నవ్వారు. గువ్వ కూడా నవ్వబోయింది గానీ నోరు సగమే తెరుచుకుంది. “సరిగ్గా తోము, నొప్పి అదే పోతుంది” అని చెప్పి పంపేసింది పళ్ళక్క.

కొత్తగా చేరిన మనిషైతే భయపడి డాక్టరు దగ్గరికి పంపి ఉండేది. ఇరవై రెండేళ్ళ అనుభవం కాబట్టి ఈవిడ పంపలేదు. తోమక నొప్పి వచ్చిందనుకుంది. నొప్పి పుట్టి అటువైపు బ్రష్షు పెట్టలేకపోతోందేమో అన్న ఆలోచన దగ్గరికి కూడా రాలేదు. చెప్పేవాళ్ళకి వినేవాళ్ళు లోకువ, ఆ వినేవాళ్ళు ఎనిమిదేళ్ళ పిల్లలైతే మరీ లోకువ. గురువారం అధికారులు వచ్చి మెచ్చుకుని వెళ్ళారు. శుక్రవారం గువ్వ రాలేదు. సోమవారం కబురొచ్చింది. పన్ను కింద పట్టిన చీము మెడలోకి దిగి ఊపిరాడలేదట. ఆస్పత్రిలో చేర్చిన పూటే పోయిందట.

ప్రతి పిల్లకీ ఆవిడ దగ్గర ఒక అట్ట ఉండేది. గువ్వ అట్ట మీద ఆఖరి వరస ఆవిడ చేతిరాతే. “ఎడమ కింది దవడ కొంచెం ఉబ్బు. సరిగా తోమడం లేదు. తోమమని చెప్పాను.” కింద తారీఖు, సంతకం. ఆ సోమవారమే ఆవిడ ఆ అట్టను పెట్టెలోంచి తీసి తన చేతిసంచీ లోపలి జిప్పులో దాచేసింది. ఎవరూ అడగలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు. అయినా గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, స్టాఫ్ రూములో ఎవరు గువ్వ మాట ఎత్తినా ఆవిడ చెయ్యి సంచీ జిప్పు మీదికి పోయేది. చెబితే పేరూ ఉద్యోగమూ పోతాయి, అవి పోయినా పరవాలేదనుకున్నా, ఎదురు కొట్లో ఉన్న మనిషి ముందుకు మళ్ళీ ఏ మొహంతో వెళ్ళాలి? చెప్పకపోతే ఇది తన ఒక్కదాని లోపలే ఉండిపోతుంది. సెలవులన్నీ ఆవిడ ఈ రెంటి మధ్యా నలిగిపోయింది. చివరికి మింగి ఊరుకోవడానికే నిశ్చయించుకుంది.

బడి తెరిచిన రోజు పొద్దున డబ్బాలోవన్నీ అలవాటుగా మేకులకు తగిలించేసింది. పంతొమ్మిదో బ్రష్షు తీసి మళ్ళీ డబ్బాలో వేద్దామని పలక దగ్గరికి వెళ్ళింది. చెయ్యి ఎత్తింది గానీ ఆ చెయ్యి మేకు దాకా పోలేదు. సరేలే, రేపు తీద్దాం అనుకుంది.

భోజనాలయ్యాయి, తోమడాలయ్యాయి, పిల్లలు క్లాసుకు పోయారు. ఆవిడ అలవాటుగా బొటనవేలు ఆడించుకుంటూ వచ్చింది. పదిహేడు తడి. పద్దెనిమిది తడి. పంతొమ్మిది తడి. ఇరవై మీదికి పోయిన వేలు అక్కడే ఆగిపోయింది. పక్క బ్రష్షు చుక్క పడి ఉంటుందిలే అనుకుని గబగబా మిగతావి ముగించింది.

మర్నాడు కూడా తడే. ఈసారి కుచ్చు మొదట్లో తెల్లటి నురగ కూడా ఉంది. మూడో రోజు ఆవిడ క్లాసులోకి వెళ్ళి తలలు లెక్కపెట్టింది. ముప్ఫై ఒకటి. గదికి వచ్చి తడి బ్రష్షులు లెక్కపెట్టింది. ముప్ఫై రెండు. మళ్ళీ వెళ్ళి తలలు లెక్కపెడుతుంటే లెక్కల టీచరమ్మ ఏదో పోయిందా అని అడిగింది. ఏమీ లేదంటూ వచ్చేసింది.

పిల్లల ఆకతాయితనమే అయి ఉంటుందని కళ్ళు చిట్లించి కాపలా కాసింది. ఇసుక దిగేదాకా ఒక్కో పిల్ల చేతిలో ఒక్కో బ్రష్షే. అనుమానించడానికి ఏమీ కనిపించలేదు. కనిపించిన ఒక్క వింత ఏమిటంటే, మూడో వరసలో ఇప్పుడు ఉన్నది ఏడుగురే కదా, వాళ్ళు పద్దెనిమిదికీ ఇరవైకీ మధ్య ఒక కుళాయి ఖాళీగా వదిలి నిలబడుతున్నారు. జరగండర్రా అంటే జరగరు. వినపడనట్టు నురగ నోళ్ళతో ఆవిడ వంక చూస్తారు. ఆ ఖాళీ కుళాయి సన్నగా కారుతూ ఉంటుంది. ఆవిడ వెళ్ళి బిగించి వస్తుంది. ఇసుక సగం దిగేసరికి అది మళ్ళీ కారుతూ ఉంటుంది.

పది రోజులు గడిచేసరికి ఆ బ్రష్షు కుచ్చు ఒక పక్కకు వాలిపోయింది. పొద్దస్తమానం ఒకే చోట తోమితే అలా వాలుతుంది. ఎవరూ వాడకపోతే వాలదు. ఈ సంగతి ఆవిడకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. పొద్దున్నే గది తాళం తీసేటప్పుడు లోపల ఎవరో చిన్న గొంతుతో నొప్పి అంటున్నట్టు అనిపించి తాళం చెవి చేతిలో పట్టుకుని నిలబడిపోయేది. అది భయమే. ఆవిడకు ఒళ్ళంతా భయం పట్టుకుంది, అందులో దాపరికం ఏముంది.

ఆ వారమే గది తలుపు బందు ఊడిపోతే పెద్ద టీచరమ్మ వడ్రంగిని పిలిపించింది. ఆయన పనిముట్ల సంచీ దించి, బందు బిగించి, తలుపు రెండుసార్లు వేసి తీసి చూశాడు. వెళ్ళబోతూ పలక ముందు ఆగాడు. పంతొమ్మిదో మేకు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. ఇంట్లో గువ్వ వస్తువులేవీ కంటికి కనపడకుండా సర్దేశారట. భార్య పుట్టింటికి వెళ్ళి ఇంకా రాలేదట. ఇది ఒక్కటైనా ఇక్కడ ఉండనివ్వమని అడిగాడు. పళ్ళక్క తల ఊపింది.

“మీరు చెప్పారని ఆఖరి రోజు దాకా తోముకుందమ్మా” అన్నాడాయన. “దవడ రాయిలా అయిపోయి నోరు తెరుచుకోకపోయినా బ్రష్షు దూర్చుకునేది. మానెయ్యవే అంటే, పళ్ళక్క చెప్పింది నాన్నా, పోతుందంట అనేది. మంచి అలవాటు నేర్పారు.”

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేదని పళ్ళక్కకు అనిపించింది. సంచీ కుర్చీకి వేలాడుతోంది. జిప్పు తీస్తే చాలు. నోరు తెరిచింది కూడా. అంతలో ఆయన చెయ్యి చాచి బ్రష్షు కుచ్చును ముట్టుకున్నాడు.

“తడిగా ఉందే” అన్నాడు.

“నేనే కడిగాను, దుమ్ము పడుతోందని” అంది ఆవిడ. ఆయన దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. దుమ్ము పడుతోందట! ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుని ఆవిడ ఆ పూటంతా సిగ్గుతో చచ్చిపోయింది.

సాయంత్రం ఇంట్లో బియ్యం ఏరుతూ అత్తగారిని అడిగింది, పోయినవాళ్ళు తిరిగి వస్తారా అని. భర్త కుట్టు మిషను తొక్కుతున్నవాడల్లా ఆపి చూశాడు. అత్తగారు పళ్ళు గ్లాసులోంచి తీసి పెట్టుకుని మరీ జవాబు చెప్పింది, అంత ముఖ్యమైన సంగతి బోసినోటితో చెప్పకూడదన్నట్టు.

“వస్తే రానీవే. మీ మామగారు రావాలని నేను ఎన్నిసార్లు అనుకున్నానో, ఆయనే రాలేదు. వచ్చేవాళ్ళు ఏదో అడగడానికే వస్తారు. అడిగింది ఇచ్చి పంపించెయ్యి.”

“ఇవ్వలేనిది అడిగితే?”

“అడిగాక కదా అది తెలిసేది” అంది ముసలావిడ, మళ్ళీ పళ్ళు తీసేస్తూ.

శుక్రవారం బడి వదిలాక పళ్ళక్క ఒక పని చేసింది. పంతొమ్మిదో బ్రష్షు మేకు మీంచి తీసి, పొడిగుడ్డతో కుచ్చు గట్టిగా తుడిచి, మళ్ళీ తుడిచి, బల్ల సొరుగులో పెట్టి తాళం వేసింది. తాళం చెవి మెడలో గొలుసుకు తగిలించుకుంది. రెండు రోజులు ఆ చెవి ఒంటికి తగులుతూనే ఉంది.

సోమవారం పొద్దున వస్తూనే సొరుగు తీసింది. బ్రష్షు తడిగా ఉంది. మూసిన చోట బ్రష్షు ఆరదు, అందుకే గాలికి వేలాడదీయాలి అని ఏళ్ళ తరబడి పిల్లలకు చెబుతున్నది తనే. ఆ పాఠమే తనకు తను చెప్పుకుంది. కానీ తను పెట్టింది తుడిచి కదా? సొరుగు చెక్క మీద కూడా చిన్న నీటి మరక ఉంది. సొరుగు ఠక్కున మూసేసింది.

ఆ రోజు మూడో వరస పిల్లలు బ్రష్షుల కోసం లోపలికి వచ్చి, ఖాళీ మేకు చూసి, కట్టగట్టుకుని అక్కడే నిలబడిపోయారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇరవయ్యో నంబరు పిల్ల, ముందు రెండు పళ్ళూ ఊడి ఇంకా రాని పిల్ల, అందరూ తొర్రి అని పిలిచేది, ముందుకొచ్చింది.

“అక్కా, గువ్వ ఇవాళ రాలేదా?”

పళ్ళక్క సొరుగు తీసి ఆ బ్రష్షును దాని మేకుకు తగిలించింది. పిల్లలు తేలికపడ్డట్టు ఊపిరి వదిలి, వరసగా కుళాయిల దగ్గరికి నడిచారు.

ఆవిడ ఆ రోజు వాళ్ళను నేరుగా చూడలేదు. వీపు తిప్పి, నాలుగో వరస పిల్లల దగ్గర గడియారం పెడుతున్నట్టు నటించింది. నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం, పుల్ల చివర బొత్తామంత ఉంటుంది, దాన్ని భుజం దగ్గరికి ఎత్తి పట్టుకుంది. అద్దంలో మూడో వరస కనిపించింది. ఇసుక దిగింది. పిల్లలు నోళ్ళు కడుక్కుని ఒక్కొక్కరే లోపలికి పోతుంటే, నాలుగో వరసవాళ్ళు ఆ కుళాయిల దగ్గర తోమడం మొదలుపెట్టారు. ఖాళీ కుళాయి దగ్గర మాత్రం ఒక పిల్ల నిలబడి ఉంది, ఇటు వీపు పెట్టి. రెండు జడలు. సన్నటి మెడ. తల ఎడమ పక్కకు వంచి, మెల్లమెల్లగా, ఒక్క చోటే తోముకుంటోంది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆవిడ ఒక పిల్ల మొహం చూడడానికి భయపడింది.

అయినా తిరిగింది. తొర్రి పిల్ల. చేతిలో పంతొమ్మిదో నంబరు బ్రష్షు. పట్టుబడ్డానన్న బెదురు దాని మొహంలో ఏ కోశానా లేదు. నురగ ఉమ్మి, “ఇవాళ నా వంతక్కా” అంది.

“దేని వంతు?”

“గువ్వకి తోమే వంతు.”

పళ్ళక్క తొట్టి అంచు పట్టుకుని కిందికి కూర్చుంది. నాలుగో వరస పిల్లలు తోమడం ఆపి చూస్తున్నారు. కుళాయి ఒక్కటే కారుతోంది. ఎందుకలా అని ఎలాగో అడిగింది. దానికి పిల్ల, ఇంత చిన్న సంగతి మీకు తెలియదా అన్నట్టు చెప్పింది. పలక మీద ఉంటే వచ్చినట్టే కదా, పొడిగా ఉంటే ఎర్ర చుక్క కదా, అందుకని ఏడుగురూ వంతులు వేసుకున్నారట.

ఆవిడకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చుక్క కోసమా! తన పద్ధతే తనను ఇన్నాళ్ళూ భయపెట్టింది. ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది, దాని బ్రష్షు లెక్కలోకి రాదర్రా అని. ఆ మాట చెప్పడానికే నోరు తెరిచింది.

“ముందు చుక్క కోసమే” అంది తొర్రి పిల్ల. “తర్వాత నొప్పి పోవాలని.”

“ఎవరి నొప్పి?”

“గువ్వదే. సరిగ్గా తోమితే నొప్పి అదే పోతుందన్నారు కదా మీరు. అది ఒక్కత్తే తోముకుంటే పోలేదు. అందుకని ఏడుగురం తోముతున్నాం.”

ఆ ఒక్క చోటే ఎందుకు తోముతున్నావని అడిగింది పళ్ళక్క. పిల్ల భుజాలు ఎగరేసింది. “నేను కాదక్కా, బ్రష్షే అటు పోతుంది” అంది. శని, ఆదివారాల్లో కూడా ఎవరైనా వచ్చారా అని అడిగితే, బడి మూసేస్తే మేమెలా వస్తాం అంది. ఆ సమాధానం విని ఆవిడ ఇంక తవ్వలేదు. అత్తగారి మాట గుర్తొచ్చింది. అడిగేదేమిటో ఇప్పుడు తెలిసింది, ఇవ్వకపోతే ఈ పిల్లలు పెద్దవాళ్ళయ్యేదాకా తోముతూనే ఉంటారు.

లేచి గదిలోకి వెళ్ళి చేతిసంచీ తీసుకుంది. తొర్రి పిల్ల చెయ్యి పట్టుకుని మూడో తరగతి గదిలోకి నడిచింది. నాలుగో వరస పిల్లలు నురగ మూతులతోనే వెనక వచ్చారు. లెక్కల టీచరమ్మ బోర్డు మీద భాగహారం వేస్తోంది. పది నిమిషాలు ఇమ్మని అడిగి, పళ్ళక్క బల్ల ముందు నిలబడి జిప్పు తీసింది. అట్ట బయటికి తీసి చదివింది. ఎడమ కింది దవడ కొంచెం ఉబ్బు. సరిగా తోమడం లేదు. తోమమని చెప్పాను.

ఇది నేను రాశాను, ఇది తప్పు అని చెప్పింది. గువ్వ తోముకోకపోవడం వల్ల పోలేదని, నొప్పి అని వచ్చి చెప్పినా తను డాక్టరుకు చూపించమని చెప్పలేదని, నవ్వించి పంపిందని చెప్పింది. గువ్వకి ఇప్పుడు నొప్పి లేదని, ఇంక ఎవరూ దానికి తోమక్కర్లేదని చెప్పింది. ఏడవకూడదనుకుంది గానీ ఏడ్చింది. లెక్కల టీచరమ్మ చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది.

“ఎర్ర చుక్కలు ఇంక లేవు” అంది పళ్ళక్క. “తోమావా అని నేను అడగను. ఎవరినీ ముందుకు పిలిచి నిలబెట్టను. ఒట్టు. ఇప్పుడు నొప్పిగా ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి.”

ఎవరూ ఎత్తలేదు. ఆవిడ ఊపిరి పీల్చుకోబోయింది. అప్పుడు మూడో బల్ల దగ్గర ఒక చెయ్యి లేచింది. దాని వెనక ఇంకోటి. కిటికీ పక్క రెండు. అధికారుల ముందు నిలబెట్టి, చక్కగా తోముకునే పిల్లవాడంటే వీడే అని చూపించిన మొదటి వరస కుర్రాడు చెయ్యెత్తాడు. ఎత్తాలా వద్దా అన్నట్టు సగం దాకా వచ్చి ఆగిన చేతులు పక్కవాళ్ళను చూసి పూర్తిగా లేచాయి. పదకొండు చేతులు. పదకొండోది తన చేతిలో ఉన్న చెయ్యే. తొర్రి పిల్ల దాన్ని విడిపించుకుని పైకెత్తింది.

“ఎన్నాళ్ళ నుంచి?” అని అడిగింది పళ్ళక్క.

“గువ్వ కంటే ముందు నుంచి.”

“మరి చెప్పలేదేమ్మా?”

“చెబితే నిలబెడతారు కదక్కా” అంది పిల్ల.

పెద్ద టీచరమ్మ అనుమతి కోసం ఆవిడ ఆగలేదు. మీరే చెప్పండని లెక్కల టీచరమ్మకు అప్పగించి, పదకొండు మందిని వరసగా నడిపించుకుని గేటు దాటింది. ఆస్పత్రి నాలుగు వీధుల అవతల. వడ్రంగి కొట్టు దాటకుండా అటు పోవడానికి దారి లేదు. ఉన్నా ఆవిడ ఆ రోజు ఆ దారిన పోయేది కాదు.

ఆయన కొట్టు ముందు బల్ల మీద చెక్క చిత్రిక పడుతున్నాడు. పిల్లల్ని చూసి, ఎక్కడికమ్మా అంటూ మామూలుగా నవ్వబోయాడు. ఆవిడ అట్ట ఆయన చేతిలో పెట్టింది. ఇది చదవండన్నా, సెలవులకు ముందు రాసింది, ఇన్నాళ్ళూ దాచాను అంది. ఆయన అట్టను దూరంగా పట్టుకుని, కొలతలు చదివినట్టు ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. సంతకం దాకా వచ్చి మళ్ళీ మొదటికి వెళ్ళాడు. చెక్క పొట్టు గాలికి ఆయన కాళ్ళ మీంచి జారుతోంది. ఆవిడ అలాగే నిలబడింది. కొడితే కొట్టించుకుందామనే నిలబడింది.

ఆయన తల ఎత్తి ముందు పిల్లల్ని చూశాడు. చెంపలు పట్టుకుని ఉన్నవాళ్ళను, పట్టుకోకుండా దాచుకుంటున్నవాళ్ళను, ఒక్కొక్కరినీ చూశాడు. కొట్టు పక్కనున్న తోపుడు బండి మీది చెక్కలు రెండు చేతులా తోసి కింద పడేశాడు.

“అన్నా, నేను…” అనబోయింది పళ్ళక్క.

“నాతో మాట్లాడకు. ముందు పిల్లల్ని ఎక్కించు.”

ఆవిడ తొర్రి పిల్లను చంకల కింద చేతులు వేసి ఎత్తింది. పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. ఇందాక అంతసేపు ఆ చెయ్యి పట్టుకుని కూడా ఎలా తెలుసుకోలేకపోయిందో ఆవిడకు అర్థం కాలేదు. చిన్నవాళ్ళు ఆరుగురు బండి మీద పట్టారు, మిగతావాళ్ళు పక్కన నడిచారు. ఆయన ముందు పట్టి లాగాడు, ఆవిడ వెనక నుంచి తోసింది. ఆస్పత్రి మెట్ల దాకా ఇద్దరూ పరుగెత్తారు.